పాత చైనా బల్ల: పలకకీ చట్రానికీ మధ్య సందు పడింది, అతికించెయ్యమంటారా?

న్యూజెర్సీ_నాగ
పోయిన ఆగస్టులో ఇక్కడ ఒక పాత ఇంటి సామాన్ల అమ్మకంలో చైనా బల్ల కొన్నాను. నలుచదరం, ఒక్కో వైపు మూడడుగుల పైచిలుకు. నల్లగా తిరిగిన ఎర్ర చెక్క, ఇద్దరం పట్టుకుంటే గానీ లేవలేదు. ఎక్కడా ఒక్క మేకు కనపడదు. వాళ్ల మామగారు 1930ల్లో షాంఘై నుంచి తెచ్చారని అమ్మినావిడ చెప్పింది. కొన్నప్పుడు పైభాగం ఒకే చెక్కలా నున్నగా ఉంది. డిసెంబర్లో ఇంట్లో హీటర్ మొదలెట్టాక ఒక వైపు పలకకీ, చుట్టూ ఉన్న చట్రానికీ మధ్య సందు పడింది. ఇప్పుడు పోస్టుకార్డు దూరుతోంది. ఫర్నిచర్ రిపేరు చేసే ఒకాయన్ని పిలిస్తే, జిగురు పోసి క్లాంపులు బిగిస్తానని, ఇంకా మిగిలిన సందులో ఎపాక్సీ (రాయిలా గట్టిపడే రసాయన జిగురు) నింపుతానని అన్నాడు. 400 డాలర్లు అడిగాడు. రోజూ పొద్దున్నే లేచి ఆ సందే చూస్తున్నాను, టెన్షన్‌గా ఉంది. బల్ల పాడవుతున్నట్టేనా? అతికించమనాలా?

వడ్రంగి_వారబ్బాయి
ఆగండి. జిగురు వద్దు. క్లాంపు అసలే వద్దు. బల్ల తిరగేసి అడుగు భాగం ఫోటో పెట్టండి.

టెక్కీ_తిరుమల్
సందు అంటే లోపమే కదండీ. డబ్బు పోసి కొన్న వస్తువు విచ్చుకుంటుంటే చూస్తూ కూర్చోవాలా? నాకైతే రిపేరాయన చెప్పిందే సబబుగా ఉంది.

గోదారి_గట్టు
మా ఊళ్లో వీధి తలుపు వానాకాలం ఉబ్బి పట్టేస్తుంది, ఎండాకాలం గాలికి టపటపా కొట్టుకుంటుంది. ఇదీ అదేనేమో?

వడ్రంగి_వారబ్బాయి
గోదారి_గట్టు గారు అసలు విషయం పట్టేశారు. చెక్క నరికి వందేళ్లయినా గాలిలో తేమ తాగుతూ, వదులుతూనే ఉంటుంది. పొడవులో ఇంచుమించు మారదు, అడ్డంలోనే పెరుగుతుంది, తగ్గుతుంది. మూడడుగుల వెడల్పు పలక వానాకాలానికీ చలికాలానికీ మధ్య కొన్ని మిల్లీమీటర్లు అటూ ఇటూ అవుతుంది. దాన్ని ఆపడం ఎవరి తరమూ కాదు. ఎంత గట్టిగా బిగిస్తే అంత గట్టిగా చీలుతుంది.

చైనా వడ్రంగులు ఏం చేశారంటే, బల్ల పైభాగాన్ని ఒకే పలకగా చేయలేదు. ముందు నాలుగు కర్రలతో చట్రం కట్టారు. మూలల్లో నలభై ఐదు డిగ్రీల ఏటవాలు కోత, లోపల కుసి (ఒక కర్ర చివర పొడుచుకొచ్చే కొన), అది దూరే బెజ్జం. చట్రం లోపలి అంచు పొడవునా గాడి తీశారు. పలక అంచులు పల్చగా చెక్కి ఆ గాడిలోకి దూర్చారు, అంతే. జిగురుతో పట్టించలేదు. గాడిలో పలక తన మానాన పెరుగుతుంది, తగ్గుతుంది. చట్రం మాత్రం కదలదు, ఎందుకంటే నాలుగు కర్రలూ పొడవు వాటంలోనే ఉన్నాయి. మీకు కనపడే సందు పలక తగ్గినప్పుడు గాడి బయటపడటం. చలికాలంలో అది కనపడాలి కూడా. కనపడకపోతేనే నేను కంగారు పడతాను.

టెక్కీ_తిరుమల్
మరి రెండు వైపులా సమానంగా పడాలి కదా? ఒక్క వైపే ఎందుకు?

వడ్రంగి_వారబ్బాయి
మంచి ప్రశ్న. వందేళ్ల మైనం, మురికి, ఒలికిన టీ, ఇవన్నీ ఒక వైపు గాడిలో గట్టిపడి పలకను అటు పట్టేసి ఉంటాయి. అందుకే తగ్గిందంతా రెండో వైపు కనపడుతోంది. చెడ్డ సంగతేం కాదు.

ఇప్పుడు జిగురు పోస్తే ఏమవుతుందో చెబుతాను. పలక బాగా కుంచించుకున్న ఫిబ్రవరిలో ఎపాక్సీ నింపారనుకోండి. జులై ఉక్కకి పలక ఉబ్బుతుంది, చోటుండదు, చట్రాన్ని తోస్తుంది. మూలల్లో ఏటవాలు అతుకులు నోరు తెరుస్తాయి. పోనీ వేసవిలో రెండంచులూ అతికిస్తే? వచ్చే చలికాలానికి పలక నడిమికి చీలుతుంది. ఆ చీలికకి మందు లేదు. మా నాన్న దేవుడి గది తలుపులకి పలక కూర్చేటప్పుడు గాడిలో జిగురు చుక్క పడితే, ఆరకముందే ఉలి పెట్టి గీకించేవారు. చిన్నప్పుడు ఆ పని నాదే.

సుజౌలో_ఆరేళ్లు
వడ్రంగి_వారబ్బాయి గారు చెప్పింది అక్షరాలా నిజం. ఉద్యోగం మీద చైనాలో షాంఘై దగ్గరున్న సుజౌలో ఆరేళ్లున్నాను. ఈ బల్లల పిచ్చి అక్కడే పట్టింది. మింగ్ రాజవంశం కాలంలో (1368–1644) గట్టి చెక్క సామానుకి పేరున్న ఊరు అదే. 1567లో మింగ్ ప్రభుత్వం సముద్ర వ్యాపారం మీదున్న నిషేధం సడలించాక, దక్షిణ సముద్రాల నుంచి గట్టి కలప రావడం పెరిగింది. అంతవరకూ ఎక్కువగా లక్క పూసిన మెత్తచెక్క సామానే గొప్పది. గట్టి చెక్క వచ్చాక పని తీరే మారింది. చెక్క గట్టిది కాబట్టి అతుకు సన్నగా కోయొచ్చు. కాలు సన్నగా పెట్టొచ్చు. చారలు అందంగా ఉన్నాయి కాబట్టి పూత పెట్టి కప్పక్కర్లేదు.

నాగ గారూ, మీ బల్లకి పై పలక కింద మెడలాగా లోపలికి తగ్గిన పట్టీ ఉందా? కాళ్ల అడుగు గుర్రపు డెక్కలా లోపలికి తిరిగిందా?

న్యూజెర్సీ_నాగ
రెండూ ఉన్నాయండీ! కాళ్ల మధ్య కర్ర కూడా తిన్నగా లేదు, నడిమిలో మూపురంలా పైకి లేచింది. మా ఆవిడ దాన్ని మొదట్నుంచీ ఒంటె కర్ర అంటోంది.

సుజౌలో_ఆరేళ్లు
మీ ఆవిడకి నా అభినందనలు. చైనా వాళ్లూ ఇంచుమించు అదే అంటారు, లువోగువో చెంగ్, గూని కర్ర అని. తిన్నటి కర్ర పెడితే కూర్చున్నవాళ్ల మోకాళ్లకి తగులుతుంది. నడుమ పైకి లేపితే మోకాళ్లకి చోటు, కాళ్లకి బలం.

మీది బాషియెన్ జువో, ఎనిమిది మంది సిద్ధుల బల్ల. తావో కథల్లో ఎనిమిది మంది అమరులుంటారు. వైపుకి ఇద్దరు చొప్పున ఎనిమిది మంది కూర్చునే నలుచదరపు బల్లకి ఆ పేరు.

ఆ మెడ పట్టీ గురించి తెలుగువాళ్లకి తప్పక చెప్పాలి. దాన్ని ‘నడుము’ అంటారు. బౌద్ధ విగ్రహాల కింద పైనా కిందా వెడల్పుగా, నడుమ సన్నగా ఉండే పీఠాల నుంచి ఈ రూపం వచ్చిందని పండితుల మాట. ఆ పీఠాన్ని చైనాలో షుమిజువో అంటారు. షుమి అంటే మన సుమేరువే. ఈ సంగతి తెలిసినప్పుడు నేను ఆ బల్ల ముందు చాలాసేపు నిలబడిపోయాను.

లక్ష్మీ_టీచర్
సుమేరు పీఠం నుంచి భోజనాల బల్ల దాకానా! ఇది మా పిల్లలకి చెప్పాలి. నడుము లేని బల్లలూ ఉంటాయా?

సుజౌలో_ఆరేళ్లు
ఉంటాయి టీచర్ గారూ. అది రెండో వంశం. కాళ్లు మూలల్లో కాకుండా కాస్త లోపలికి జరిగి ఉంటాయి, కిందికి వచ్చేకొద్దీ కొంచెం బయటికి వాలతాయి. ఆ రూపం స్తంభాలూ దూలాలతో కట్టే ఇళ్ల నుంచి వచ్చిందంటారు. కాళ్లు మూలల్లో ఉంటే జువో, లోపలికి జరిగి ఉంటే ఆన్. కొన్ని ఆన్ బల్లలకి రెండు చివర్లూ ముక్కుల్లా పైకి లేస్తాయి. గోడకి ఆనించి పూజా సామగ్రి పెట్టుకునేవి చాలావరకు అవే. నా కంటికి అన్నిట్లోకీ అందమైనవి కూడా అవే.

కడప_కుర్రోడు
ఒక సందేహం. చైనాలో రాజుల ఫర్నిచర్ అంతా మన ఎర్రచందనమే అని ఒక వీడియోలో చూశాను. నిజమేనా? మా ఇంటి నుంచి చూస్తే కనపడే కొండల్లో చెట్లు బీజింగ్ రాజమందిరంలో బల్లలయ్యాయంటే నమ్మబుద్ధి కావట్లేదు.

చేవచెక్క
అంతా కాదు గానీ, నమ్మాల్సిందే తమ్ముడూ. అటవీ శాస్త్రం చదివినవాణ్ణి, ఇది నాకు ఇష్టమైన విషయం. చైనాలో గొప్ప చెక్కలు రెండు. మొదటిది హువాంగ్‌హువాలీ. హైనాన్ దీవిలో పెరిగేది, తేనె రంగు, మింగ్ కాలం వాళ్లకి ప్రాణం. ముడులున్న చోట దెయ్యం మొహాల్లాంటి చారలు వస్తాయి, వాటికోసమే ఆ చెక్క ఏరుకునేవాళ్లు. రెండోది జితాన్. ఊదా నలుపు, నీళ్లలో వేస్తే మునుగుతుంది. మింగ్ తర్వాత వచ్చిన చింగ్ చక్రవర్తులు (1644–1912), ముఖ్యంగా చియెన్‌లుంగ్, దీన్ని రాజమందిరం కార్ఖానాల్లో తెగ వాడించారు. చైనా ప్రభుత్వం 2000లో గట్టి చెక్కలకి ఒక ప్రమాణం తెచ్చింది. అందులో జితాన్ వర్గం కింద ఉన్నది ఒకే ఒక్క జాతి, టెరోకార్పస్ శాంటలైనస్. అంటే మన ఎర్రచందనం. అది సహజంగా పెరిగేది మన శేషాచలం, వెలిగొండ, పాలకొండ, లంకమల చుట్టూనే.

అయితే పాత జితాన్ బల్ల ప్రతిదీ మన కొండల నుంచే వెళ్లిందని అనకూడదు. ఏ చెక్కో తేల్చాలంటే చిన్న పీచు తీసి మైక్రోస్కోప్ కింద చూడాల్సిందే.

కడప_కుర్రోడు
అన్నా, ఒళ్లు పులకరించింది. మా తాత ఎర్రచందనం చెక్క ముక్కని రాయి మీద అరగదీసి వాపులకి పట్టు వేసేవాడు. దాంతో బల్ల చేసుకోవచ్చని మా ఇంట్లో ఎవరికీ తోచలేదు.

చేవచెక్క
తోచినా పెద్ద పలక దొరకడం కష్టం. చెట్టు చాలా నిదానంగా పెరుగుతుంది, పెరిగాక లోపల గుల్ల పడుతుంది. పది జితాన్ మానుల్లో తొమ్మిది బోలు అని చైనాలో సామెత. అందుకే వెడల్పాటి జితాన్ పలక కనపడితే దాన్ని చూసి మురిసిపోతారు. చేవ (మాను నడిమి గట్టి చెక్క) మాత్రం సన్నటి నగిషీకి ఎంతో అనువు, ఉలి ఎటు తిప్పినా పొర లేవదు.

ఈ మోజు మన దగ్గర ఏం చేసిందో కూడా చెప్పుకోవాలి. 1995 నుంచి ఎర్రచందనం అంతర్జాతీయ వ్యాపార నియంత్రణ జాబితాలో ఉంది. అయినా దొంగరవాణా ఆగలేదు. 2015 ఏప్రిల్లో శేషాచలంలో పోలీసు కాల్పుల్లో 20 మంది చనిపోయారు. వాళ్లు తమిళనాడు నుంచి వచ్చిన కూలీలు. కొత్త జితాన్ సామాను ఫోటోలు చూసినప్పుడల్లా నాకు ఆ వార్తే గుర్తొస్తుంది. పాతది ఉన్నచోట కాపాడుకోవాలి, కొత్తది కొనకూడదు. ఇందులో నేను రాజీపడను.

గోదారి_గట్టు
ఈ మాటకి నా పూర్తి మద్దతు.

పాతసామాన్ల_పిచ్చి
విషయానికి వస్తే, నాగ గారి బల్ల మింగ్ కాలానిదా? అయితే ఆయన లక్షాధికారి!

న్యూజెర్సీ_నాగ
అదే అడుగుదామనుకుంటున్నా. ఇదిగో, తిరగేసి అడుగు ఫోటోలు పెట్టాను. పలక కింద రెండు అడ్డకర్రలున్నాయి. వాటి మీదా, పక్కన చట్రం మీదా సిరాతో చిన్న గీతలు ఉన్నాయి. ఒక దాని మీద ఒక గీత, ఇంకోదాని మీద రెండు.

వడ్రంగి_వారబ్బాయి
ఫోటో చూసి కడుపు నిండింది. ఆ అడ్డకర్రలే పలక వంకర పోకుండా పట్టుకునేవి. పలక అడుగున బయటికి ఇరుగ్గా, లోపలికి వెడల్పుగా గాడి తీసి, కర్రని పక్క నుంచి జార్చి దూర్చారు. పావురం తోకలా ఉంటుంది కాబట్టి కిందికి ఊడి రాదు, కానీ పలక దాని మీద జారగలదు. కర్ర రెండు కొనలు చట్రంలోకి దూరాయి. ఇక్కడా జిగురు లేదు, మేకు లేదు.

గీతలంటారా, మా వాళ్లూ అలాగే పెడతారు. ఏ కర్ర ఏ బెజ్జంలోకి వెళ్లాలో గుర్తు. ఎంత నున్నగా కోసినా ఒక కుసి ఇంకో బెజ్జంలో సరిగ్గా కూర్చోదు. ఆ గీతలు తుడవకండి దయచేసి.

సుజౌలో_ఆరేళ్లు
అవి అంకెలే. చైనీస్‌లో ఒకటికి ఒక గీత, రెండుకి రెండు.

కాలం సంగతి: ఫోటో చూసి ఏ చెక్కో తేల్చడం నాకు ఇష్టం లేదు. కానీ ఈ రంగు, బరువు, పని తీరు చూస్తే చింగ్ చివరి రోజుల హోంగ్‌ము (చైనీస్‌లో ‘ఎర్ర చెక్క’) బల్ల అనిపిస్తోంది. పద్దెనిమిదో శతాబ్దం నుంచి హువాంగ్‌హువాలీ తగ్గిపోయి హోంగ్‌ము వాడకం పెరిగింది. గూని కర్రా, డెక్క కాలూ మింగ్ రూపాలే అయినా, ఆ రూపాల్ని తర్వాత మూడొందల ఏళ్లూ చేస్తూనే వచ్చారు. లక్షాధికారి కాకపోవచ్చు గానీ, చేతిపని మాత్రం నిఖార్సైనది.

పాతసామాన్ల_పిచ్చి
నాకు మాత్రం ఈ సాదా బల్లల కంటే చింగ్ నగిషీ బల్లలే గొప్పగా అనిపిస్తాయి. డ్రాగన్లు, మేఘాలు, మధ్యలో యునాన్ పాలరాయి పలక, ముత్యపు చిప్ప పొదుగు. ఆ ఉలి పని చూడండి ఒకసారి! మీరంతా సాదా అంటే గొప్ప అంటున్నారు. పని ఎక్కడ ఎక్కువుంది?

వడ్రంగి_వారబ్బాయి
గౌరవంగానే విభేదిస్తున్నానండీ. నగిషీ కష్టమే, నేను కాదనను. కానీ నగిషీ కింద తప్పు దాగుతుంది. సాదా బల్లలో దాగదు. మీ చూపు తిన్నగా అతుకు మీదే పడుతుంది, అక్కడ వెంట్రుకంత తేడా ఉన్నా తెలిసిపోతుంది.

నాగ గారి బల్లలో కాలు, నడుము పట్టీ, కింది అంచు పట్టీ కలిసే చోటు చూడండి. బయటికి ఒక ఏటవాలు గీత తప్ప ఏమీ కనపడదు. లోపల కాలు పైకొనని రెండు పొట్టి కుసులుగా కోసి చట్రంలోకి ఎక్కించారు. కాలు భుజం మీద మూడుమూలల గుంట తీసి అంచు పట్టీని దూర్చారు. భుజాన్ని కావలించుకున్నట్టు ఉంటుందని దాని పేరు కూడా అదేనట. పై బరువు పడేకొద్దీ అతుకు ఇంకా బిగుస్తుంది. నేను టేకు ముక్క మీద ప్రయత్నించాను, నాలుగోసారికి కాస్త దారికొచ్చింది.

సుజౌలో_ఆరేళ్లు
నాకు ప్రాణం లేచొచ్చే అతుకు బావాంగ్ చెంగ్. కాళ్ల మధ్య అసలు కర్రే ఉండదు. ప్రతి కాలు లోపలి వైపు నుంచి ఒక వంపు కర్ర చెయ్యిలా లేచి, పలక కింది అడ్డకర్రని మోస్తుంది. దాని కింది కుసి కొక్కెంలా ఉంటుంది. బెజ్జంలోకి దూర్చి పైకి ఎత్తి, కింద ఖాళీలో చెక్క చీల కొడతారు. చీల తీస్తే గానీ రాదు. బయటి నుంచి చూసేవాళ్లకి నాలుగు కాళ్లూ ఏ ఆధారమూ లేకుండా నిలబడ్డట్టు ఉంటుంది.

షాంఘై మ్యూజియంలో వాంగ్ షిషియాంగ్ సేకరించిన 79 వస్తువులు చూశాను. ఆయన 1914లో పుట్టి 2009లో పోయారు. సాంస్కృతిక విప్లవంలో ఆయన సామానంతా స్వాధీనం చేసుకున్నారు, తర్వాత తిరిగొచ్చింది. 1993లో అదంతా మ్యూజియానికి చేరింది. ఒక్కో అతుకునీ విప్పి, పేరేమిటో వడ్రంగుల్ని అడిగి రాసిపెట్టిన మనిషి ఆయన. ఆయన లేకపోతే మనం ఇవాళ ఈ పేర్లు మాట్లాడుకునేవాళ్లం కాదు.

లక్ష్మీ_టీచర్
వడ్రంగి నోటి మాటని పండితుడు రాసుకోవడం! మన వడ్రంగుల మాటలూ ఎవరైనా ఇలా రాస్తే బాగుండు. వడ్రంగి_వారబ్బాయి గారూ, మీరు మొదలెట్టండి.

వడ్రంగి_వారబ్బాయి
నాన్నగారు ఉండగానే మొదలెట్టాల్సింది టీచర్ గారూ. మా బాబాయి ఉన్నాడు. సంక్రాంతికి వెళ్లినప్పుడు కూర్చుంటాను.

టెక్కీ_తిరుమల్
ఒప్పుకుంటున్నాను, నేను మొదట అన్నది తప్పు. కానీ ఒక మాట. జిగురు, మేకు అసలు వాడనే లేదని అందరూ అంటారు కదా, అది నిజమేనా?

వడ్రంగి_వారబ్బాయి
కాదు. చేప తిత్తి నుంచి తీసిన జిగురు వాడేవాళ్లు, ముఖ్యంగా రెండు పలకలు అంచు కలిపేటప్పుడు. కొన్నిచోట్ల చెక్క చీలలూ ఉంటాయి. కానీ ఆ జిగురు వేడికీ తడికీ విడిపోతుంది. రేపు ఇంకెవరైనా విప్పి బాగుచేయొచ్చు. ఎపాక్సీ అలా విడిపోదు. నా భయమంతా దాని గురించే.

పాతసామాన్ల_పిచ్చి
నాగ గారూ, పాలిష్ కూడా పట్టించకండి. మా చుట్టాల ఇంట్లో ఇలాంటి బల్లకే మెరిసే వార్నిష్ కొట్టించారు, చారలన్నీ సీసాలో పెట్టినట్టయిపోయాయి. పాత రోజుల్లో ఒక రకం గరుకు గడ్డితో రుద్ది, మైనం పట్టించేవాళ్లు, అంతే. ఇంకోటి, కాళ్ల పొడవు కొలవండి. ఎత్తు బల్లల కాళ్లు కోసి కాఫీ బల్లలు చేసి అమ్మినవి చాలా ఉన్నాయి.

న్యూజెర్సీ_నాగ
33 అంగుళాలు. డెక్కలు నిండుగా ఉన్నాయి, ఒకటి మాత్రం అడుగున కొంచెం పుచ్చింది.

సుజౌలో_ఆరేళ్లు
అయితే కోసినట్టు లేదు. అడుగు పుచ్చడం తడి నేలల మీద మామూలే. గదిలో తేమ 45, 50 శాతం దగ్గర నిలిపితే చాలు. హీటర్ గాలి నేరుగా తగలనివ్వకండి. ఒకవేళ ఎప్పుడైనా ఇండియాకి తీసుకెళ్లాలనుకుంటే ముందు కాగితాలు చూసుకోండి. హోంగ్‌ము అయితే ఎక్కువగా డాల్బెర్జియా, అంటే రోజ్‌వుడ్ చెట్ల ప్రజాతిది. 2017 నుంచి ఆ ప్రజాతి మొత్తం నియంత్రణ జాబితాలో ఉంది.

మీకు న్యూయార్క్ దగ్గరే కదా, మెట్రోపాలిటన్ మ్యూజియంలో 1981లో తెరిచిన చైనా తోట చూడండి. సుజౌలోని ఒక తోట నమూనాతో, అక్కడి పనివాళ్లే వచ్చి కట్టారు. దాని పక్క గదిలో మింగ్ బల్లలు చూసిన జ్ఞాపకం ఇంకా పోలేదు. వంగి అడుగు నుంచి చూడండి.

న్యూజెర్సీ_నాగ
(జూన్) ఇన్నాళ్లకి మళ్లీ వచ్చాను. రిపేరాయనకి వద్దని చెప్పేశాను. హ్యుమిడిఫయర్ కొని తేమ 45 దగ్గర పెట్టాను, బల్లని కిటికీ పక్కకి జరిపాం. ఏప్రిల్ నుంచి సందు తగ్గుతూ వచ్చింది. పొద్దున దారం పెట్టి చూశాను, దూరలేదు.

పోయిన వారం న్యూయార్క్ వెళ్లాం. మా ఆవిడ మోకాళ్ల మీద కూర్చుని ఒక బల్ల కిందికి చూస్తుంటే కాపలా ఆయన దగ్గరికొచ్చాడు, ఏమంటాడో అనుకున్నాం. ‘అందరూ పైనుంచి చూసి వెళ్లిపోతారు’ అని చెప్పి పక్కకి జరిగి మాకు వెలుతురు వదిలాడు. ఈ ఆదివారం మా ఇంట్లో ఎనిమిది మంది భోజనానికి వస్తున్నారు.

వడ్రంగి_వారబ్బాయి
వేడి గిన్నె నేరుగా పెట్టనివ్వకండి. జనవరిలో సందు మళ్లీ పడుతుంది, అప్పుడు ఫోటో పెట్టండి.